కాపరిని ఎంచుకునేది ఎవరు?

మా ఊరి పేరు బాతెల్. సియాటిల్‌కి ఈశాన్యంగా, లేక్ వాషింగ్టన్ ఉత్తరపు కొస దాటగానే వస్తుంది. ఫోన్లో ఊరి పేరు చెప్పగానే గుంటూరు, ఒంగోలు వైపు బంధువులు "బైబిల్లో బేతేలేనా?" అని అడుగుతారు. కాదు. డేవిడ్ బాతెల్ అనే ఆయన ఇంటిపేరు ఊరికి పెట్టారు. 1909లో ఇది పట్టణమైంది. ఇప్పుడు ఇక్కడ లూథరన్, మెథడిస్టు, కాథలిక్ గుడులున్నాయి, మన హిందూ దేవాలయమూ ఉంది.

కొన్నేళ్ళ కిందట శనివారాలు మా పిల్లల తెలుగు బడి ఒక చర్చి కింది అంతస్తులో జరిగేది. లోపల పిల్లలు గుణింతాలతో కుస్తీ పడుతుంటే, నేను బయట నోటీసు బోర్డు చదువుతూ కాలక్షేపం చేసేవాణ్ణి. ఒక శనివారం కొత్త కాగితం కనిపించింది. పాస్టర్ గారు రిటైరవుతున్నారు, కొత్తవారిని వెతకడానికి సభ్యులు ఒక కమిటీని ఎన్నుకోవాలి అని. కొన్ని వారాలకి కమిటీ పేర్లు వచ్చాయి. ఒక నర్సు, ఒక స్కూలు టీచరు, రిటైరయిన మెకానిక్ ఒకాయన, హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి. ఆ తరవాత సభ్యులందరికీ ఒక ప్రశ్నావళి. ఆ తరవాత తాత్కాలికంగా ఒక పెద్దాయన. ఇదంతా తేలడానికి ఏడాదిన్నర పట్టింది. మా ఆఫీసులో ఒక ఇంజనీరుని తీసుకోవాలంటే నాలుగు ఇంటర్వ్యూలు, మూడు వారాలు చాలు.

ఆ కాగితాలు చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చేది. మా తాతగారు ఇప్పటి ప్రకాశం జిల్లా పల్లెల్లో సంఘ కాపరి. ఊరికి మూడేళ్ళో నాలుగేళ్ళో ఉండి, బదిలీ మీద ఇంకో ఊరికి వెళ్ళేవారు. "కవరొచ్చిందంటే పెట్టె సర్దుకోవటమే. మీ తాతని మాక్కావాలని ఏ ఊరోళ్ళూ అడగలా, వద్దనీ అన్లా" అనేది నాయనమ్మ. ఆ మాటలో బాధ ఉందో, గర్వం ఉందో నాకు చిన్నప్పుడు తెలియలేదు.

ఇప్పుడు ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చిని అద్దెకి తీసుకుని తెలుగులో ఆరాధన చేసుకునే ముప్పై కుటుంబాల వాళ్ళం మేము. ఇన్నాళ్ళూ వంతులవారీగా మేమే వాక్యం చెప్పుకున్నాం. ఇప్పుడు ఒక పాస్టర్ గారిని పెట్టుకుందామంటున్నారు. మరి ఎవరు ఎంచుకోవాలి? మొదలుపెట్టిన నాలుగు కుటుంబాలా? ఎక్కువ చందా ఇచ్చేవాళ్ళా? లేక ఇండియాలో ఉన్న ఒక పెద్దాయన్ని అడిగి ఆయన పంపినవారిని ఒప్పుకోవడమా? ఈ గొడవలో పడి నేను కొంత చరిత్ర చదివాను. చదివింది ఇక్కడ చెబుతాను.

చీట్లు, కేకలు

ఈ చిక్కు క్రైస్తవ మతమంత పాతది. యేసు శిష్యులు పన్నెండుమందిలో యూదా స్థానం ఖాళీ అయినప్పుడు, మిగిలినవాళ్ళు ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థన చేసి, చీట్లు వేశారు. చీటీ మత్తీయ పేరున వచ్చింది. కొద్ది రోజులకే, విధవరాళ్ళకి అన్నం పంచడంలో తేడాలు వస్తున్నాయని తగువొస్తే, "మీలోంచి ఏడుగురిని మీరే ఎంచుకోండి" అని అపొస్తలులు జనానికి వదిలేశారు. అపొస్తలుల కార్యాల గ్రంథంలో ఒకటో అధ్యాయంలో ఒక పద్ధతి, ఆరో అధ్యాయంలో ఇంకో పద్ధతి!

374లో మిలాన్ నగరంలో బిషప్పు చనిపోతే రెండు వర్గాలు కొట్టుకునే దాకా వచ్చాయి. శాంతి కాపాడటానికి గవర్నరు ఆంబ్రోజ్ గుడిలోకి వెళ్ళి మాట్లాడుతుంటే, జనం "ఆంబ్రోజే బిషప్పు" అని కేకలు మొదలుపెట్టారు. ఆయనకి అప్పటికి బాప్తిస్మం కూడా కాలేదు. తప్పించుకోవాలని చూశాడు, కుదరలేదు. వారం తిరిగేసరికి బాప్తిస్మమూ అయింది, బిషప్పూ అయ్యాడు.

చీట్ల పద్ధతి మనకీ కొత్త కాదు. కంచికి దగ్గర్లోని ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుడి నాటి శాసనాలున్నాయి. 919, 921 సంవత్సరాలవి. వార్డుకొకరి చొప్పున ఊరి సభకి మనుషుల్ని ఎంచడానికి, అర్హులైనవాళ్ళ పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి కలిపి, ఏమీ తెలియని చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. అమెరికాలో ఆమిష్ వాళ్ళు ఇవాళ్టికీ తమ బోధకుణ్ణి ఇలాగే ఎంచుకుంటారు. సభ్యులు ఒక్కొక్కరుగా వచ్చి తమకి తోచిన పేరు గుసగుసగా చెబుతారు. తగినన్ని సార్లు వినిపించిన పేర్లవాళ్ళ ముందు అంతే సంఖ్యలో ఒకేలాంటి పాటల పుస్తకాలు పెడతారు. ఒక పుస్తకంలో మాత్రం చీటీ ఉంటుంది. అది ఎవరికొస్తే వాళ్ళు జీవితాంతం జీతం లేకుండా బోధకుడు. పోటీ చేసేవాళ్ళుండరు, ప్రచారం ఉండదు. పుస్తకం తెరిచి చీటీ చూసుకున్నవాడి ఇంట్లో ఏడుపులు కూడా వినిపిస్తాయట.

కానీ ఐరోపాలో ఎక్కువ కాలం నడిచింది ఈ రెండూ కాదు. గుడి కట్టించిన జమీందారో, భూమి ఇచ్చిన ప్రభువో, రాజో కాపరిని పెట్టేవాడు. ధర్మకర్త చేతిలో అర్చకుడి నియామకం ఉన్నట్టే అనుకోండి.

సేలంలో కాగితం ముక్కలు

1629 జులై 20న, అంటే మన దగ్గర షాజహాన్ గద్దెనెక్కిన మరుసటేడు, మాసచూసెట్స్‌లోని సేలం అనే చిన్న వలస ఊళ్ళో ఒక సంగతి జరిగింది. ఇంగ్లండునుంచి ఫ్రాన్సిస్ హిగ్గిన్‌సన్, శామ్యూల్ స్కెల్టన్ అని ఇద్దరు పాదిరులు వచ్చారు. ఇద్దరూ అక్కడ బిషప్పుల చేత అభిషేకం పొందినవాళ్ళే. అయితే సేలం వాళ్ళకి అది చాలలేదు. ఉపవాసం ఉండి, ఇద్దరినీ నిలబెట్టి ప్రశ్నలు వేశారు. పిలుపు రెండు రకాలని ఆ పాదిరులే జవాబిచ్చారు. ఒకటి లోపల దేవుడిచ్చేది, రెండోది బయట సంఘం ఇచ్చేది. రెండూ ఉండాలి. అప్పుడు సభ్యులు తలొక కాగితం ముక్క మీద పేరు రాసిచ్చారు. స్కెల్టన్ కాపరి అయ్యాడు, హిగ్గిన్‌సన్ బోధకుడయ్యాడు. ఊరి పెద్దలు ముగ్గురు నలుగురు వాళ్ళ తలల మీద చేతులుంచి ప్రార్థించారు.

అమెరికా గడ్డ మీద రాతపూర్వకంగా జరిగిన రహస్య ఓటింగుకి తొలి ఉదాహరణగా చరిత్రకారులు చెప్పేది దీన్నే. గవర్నరు కోసమో, శాసనసభ కోసమో కాదు, పాస్టర్ కోసం. తరవాత 1643లో అదే మాసచూసెట్స్‌లో అధికారుల ఎన్నికలకి కాగితం బదులు గింజలు వాడొచ్చని చట్టం చేశారు. మొక్కజొన్న గింజ అవునని, చిక్కుడు గింజ కాదని. మా బాతెల్‌కి ప్రతి ఎన్నికలకీ పోస్టులో వచ్చే బ్యాలెట్ కవరు చూసినప్పుడల్లా నాకు ఆ చిక్కుడు గింజ గుర్తొస్తుంది.

ఎన్నుకునే హక్కుంటే తీసేసే హక్కూ ఉంటుంది. అమెరికా పుట్టించిన గొప్ప వేదాంతుల్లో ఒకడని పేరున్న జొనాథన్ ఎడ్వర్డ్స్‌ని, ఇరవై మూడేళ్ళు పనిచేసిన తరవాత, 1750లో నార్తాంప్టన్ సంఘం భారీ మెజారిటీతో పంపించేసింది. ప్రభు భోజనానికి ఎవరు అర్హులన్న విషయంలో ఆయన పట్టుదల వాళ్ళకి నచ్చలేదు. తమాషా ఏమిటంటే, కొత్తవాడు దొరక్క, చాలా నెలలపాటు ఆదివారాలు ఆయన్నే పిలిచి ప్రసంగం చెప్పించుకున్నారు. ఓటు వేసిన జనం ఎప్పుడూ సరిగ్గానే వేస్తారని ఎవరన్నా అంటే, ఈ కథ చెప్పొచ్చు.

జీతం వదులుకున్నవాళ్ళు

స్కాట్లండులో ఈ హక్కు కోసం దేశమే చీలిపోయింది. 1712 చట్టం ప్రకారం అక్కడి సంఘాల్లో కాపరిని ప్రతిపాదించేది ఆ ప్రాంతపు ప్రభువు. 1834లో ఆక్టరార్డర్ అనే ఊరికి కినౌల్ ప్రభువు ఒక యువకుణ్ణి పంపాడు. పిలుపు పత్రం మీద సంతకం పెట్టింది ఊళ్ళో ఇద్దరే. వద్దన్న కుటుంబ పెద్దలు 287 మంది. కోర్టులు మాత్రం ప్రభువు హక్కే చెల్లుతుందన్నాయి. చివరికి 1843 మే 18న ఎడిన్‌బరోలో జరిగిన మహాసభనుంచి పాదిరులు వరసకట్టి బయటికి నడిచారు. మొత్తం 470 మందికి పైగా, అంటే ఆ దేశపు పాదిరుల్లో మూడోవంతుకి మించి, గుడీ, ఇల్లూ, జీతమూ వదులుకుని స్వతంత్ర సంఘం పెట్టుకున్నారు. ఆ చట్టం 1874లో గాని పోలేదు.

ఈ గాలి మద్రాసు దాకా వీచింది. ఇండియాలో పనిచేస్తున్న స్కాట్లండు సంఘం మిషనరీలు స్వతంత్ర సంఘం వైపే నిలబడ్డారు. వాళ్ళలో జాన్ ఆండర్సన్ 1837లో మద్రాసులో పెట్టిన బడే తరవాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది అక్కడే.

ఇంకో బేతేలు

అమెరికాలో అందరూ సేలం దారిలో నడవలేదు. మెథడిస్టుల పద్ధతిలో పాస్టర్‌ని సంఘానికి పంపేది బిషప్పు. గుర్రం మీద ఊరూరా తిరిగే బోధకుల కాలంలో పుట్టిన పద్ధతి అది. దాన్ని ఇక్కడ పాతుకొల్పిన ఫ్రాన్సిస్ ఆస్బరీ మాత్రం, ఇంగ్లండునుంచి జాన్ వెస్లీ తనని నియమించినా, తోటి బోధకులు ఎన్నుకుంటే తప్ప ఒప్పుకోనన్నాడు. 1784 క్రిస్మస్ వేళ బాల్టిమోర్‌లో వాళ్ళు ఎన్నుకున్నారు. ఎనిమిదేళ్ళకి, 1792లో, జేమ్స్ ఓకెలీ అనే బోధకుడు లేచి "బిషప్పు వేసిన చోటు నచ్చకపోతే సభకి చెప్పుకునే హక్కు మాకు ఉండాలి" అన్నాడు. ఓడిపోయి, తనవాళ్ళతో బయటికి వెళ్ళిపోయాడు. తనకి ఎన్నిక కావాలన్న ఆస్బరీ హయాంలోనే ఇది జరిగింది.

ఫిలడెల్ఫియాలో రిచర్డ్ ఆలెన్ కథ ఇంకా పెద్దది. బానిసగా పుట్టి, డబ్బు కట్టి విడుదల కొనుక్కున్న మనిషి. తెల్లవాళ్ళ గుడిలో నల్లవాళ్ళకి జరిగే అవమానం భరించలేక 1794లో విడిగా గుడి పెట్టాడు. దాని పేరు బేతేలు. గుడి నల్లవాళ్ళు కట్టుకున్నదే అయినా, అక్కడ ఎవరు ప్రసంగించాలో నిర్ణయించే హక్కు తమదేనని తెల్ల మెథడిస్టు పెద్దలు ఇరవై ఏళ్ళు వాదించారు. ఒక ఆదివారం వాళ్ళు పంపిన బోధకుడు రాగానే, జనం దారి నిండా నిలబడి ఆయన్ని పులిపీఠం దాకా పోనివ్వలేదు. వ్యవహారం పెన్సిల్వేనియా సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1816లో తీర్పు బేతేలు వాళ్ళకి అనుకూలంగా వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే అలాంటి సంఘాలన్నీ కలిసి ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘంగా ఏర్పడి, ఆలెన్‌ని బిషప్పుగా ఎన్నుకున్నాయి. దేశంలో వాళ్ళకి చాలాచోట్ల ఓటు లేని రోజుల్లో, గుడిలో ఓటు ఉంది.

ఒంగోలు కథ

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. 1842లో పెన్సిల్వేనియానుంచి హయ్యర్ గారు గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. అంతకు ముందే 1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు తెలుగువాళ్ళ కోసం వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. క్లౌ దొర అంటే ఇప్పటికీ ఒంగోలులో తెలియనివారుండరు. మిషనరీ కాకముందు ఆయన సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు తగ్గాక 1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు.

ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళలో మొదటివాడు ఎర్రగుంట్ల పేరయ్య. పేరయ్య అంతకు ముందే రాజయోగం ఉపదేశం పొంది, తన శిష్యులకి తానూ ఉపదేశించేవాడు. అంటే ఏ మిషనూ నియమించకముందే జనం ఆయన్ని గురువుగా ఎంచుకున్నారు. పల్లెలో పెద్దలు కూర్చుని మాట్లాడి తేల్చే ఆనవాయితీ కూడా వాళ్ళకి ఉండనే ఉంది. ఎన్నుకోవడం చేతకాని జనం కాదు.

అయినా జరిగింది వేరు. అమెరికాలో ఏ బాప్టిస్టు సంఘమైనా తన కాపరిని తానే ఎన్నుకుంటుంది. ఆ సంఘాల చందాలతో తెలుగునేల మీదికి వచ్చిన మిషనరీ మాత్రం బోధకుణ్ణి తనే వేసేవాడు, జీతం తనే ఇచ్చేవాడు, బదిలీ తనే చేసేవాడు. దీనికి కారణాలు లేకపోలేదు. సంఘంలో ఉన్నది రోజు కూలీలు. పండిన ఏడు గింజలు కొలిచి బోధకుడికి పెట్టేవారు గాని, నెలనెలా జీతం వాళ్ళవల్ల కాదు. స్వయం పోషణ, స్వయం పాలన, స్వయం వ్యాప్తి అనే మూడు సూత్రాలు 1850ల నాటికే మిషన్ల పెద్దలు రూఫస్ ఆండర్సన్, హెన్రీ వెన్ చెప్పారు. చెప్పింది ఆ వరసలోనే అర్థమైంది. ముందు పోషించుకోండి, తరవాత పాలించుకుందురుగాని. ఆ "తరవాత" రావడానికి రెండు మూడు తరాలు పట్టింది.

ఇది ఒక్క బాప్టిస్టుల సంగతి కాదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య లేచి, మిషనరీలకీ దేశీయ పనివాళ్ళకీ మధ్య ఉన్నది యజమాని, జీతగాడి సంబంధమని మొహం మీదే చెప్పాడు. త్యాగాలు చేశారు, ఇక స్నేహితులుగా ఉండండి అని అడిగాడు. రెండేళ్ళకి, 1912 డిసెంబరు 29న, ఆయనే దోర్నకల్‌కి మొదటి బిషప్పు అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. ఆయన్ని కూడా దోర్నకల్ జనం ఎన్నుకోలేదు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పట్టుబట్టి తెచ్చాడు. తమిళుడైన అజరయ్య తెలుగు నేర్చుకుని, పల్లెపల్లె తిరిగి, 1945లో చనిపోయే దాకా అక్కడే ఉన్నాడు. పైనుంచి వచ్చిన కాపరి మంచివాడు కాకూడదని లేదు.

1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం ఏర్పడింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అందులో బిషప్పు వేసేవాళ్ళూ, సంఘం ఎన్నుకునేవాళ్ళూ ఒకచోటికొచ్చారు. రాజీ కూడా అలాగే కుదిరింది. బిషప్పు పదవికి డయాసిస్ కౌన్సిల్ ఓట్లు వేసి కొన్ని పేర్లు పంపుతుంది, వాటిలోంచి ఒకరిని సినడ్ తరఫున ఎంచుతారు. 2013లో నంద్యాలకి పుష్పలలిత గారు ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు అయ్యారు. పాస్టర్లకి మాత్రం బదిలీలే. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడింది. ఎన్నికలు వచ్చాయి, వాటితోపాటు పార్టీలూ, కోర్టు వాయిదాలూ వచ్చాయి. వాటిని చూసి "దొరల కాలమే నయం" అనే పెద్దవాళ్ళు మా ఇంట్లోనే ఉండేవారు. నార్తాంప్టన్ వాళ్ళకి తప్పు చేసే అవకాశం వాళ్ళ మొదటి తరంనుంచే ఉందని, మనవాళ్ళకి అది ఆలస్యంగా వచ్చిందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ నోటీసు బోర్డు దగ్గరికి

ఇక్కడి లూథరన్ సంఘంలో ఈ పని ఎలా జరుగుతుందంటే, కమిటీ ముందు తమ సంఘం ఎలాంటిదో నిజాయితీగా రాసుకోవాలి. ఎందరు వస్తున్నారు, అప్పులెంత, గొడవలేమిటి అన్నీ. ప్రాంతీయ బిషప్పు కొన్ని పేర్లిస్తారు. కమిటీ మాట్లాడి చివరికి ఒక్కరినే సంఘం ముందుకి తెస్తుంది. వారి ప్రసంగం వింటారు, తరవాత రహస్య ఓటు. హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు అవునంటేనే పిలుపు. జీతం, ఇల్లు, సెలవులు, పెన్షను ఎంతో కూడా అదే పిలుపు పత్రంలో రాసి ఉంటుంది. ప్రెస్బిటేరియన్లదీ ఇంచుమించు ఇదే, పైన ప్రెస్బిటరీ ఒప్పుకోవాలి. మెథడిస్టు సంఘానికి మాత్రం బిషప్పు ఉత్తరం వస్తుంది, సంఘం కమిటీని సంప్రదించాకే. ఒకే ఊళ్ళో ఈ రెండు రకాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి, రెండు చోట్లా మంచి పాస్టర్లూ ఉన్నారు, మామూలువాళ్ళూ ఉన్నారు.

అంచేత ఏ పద్ధతిలో మెరుగైన కాపరి దొరుకుతాడన్నది అసలు ప్రశ్న కాదని నాకు అనిపించింది. ఆ ఏడాదిన్నరలో ఆ చర్చివాళ్ళకి ఏమైందో చూశాను. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే మెకానిక్, బిషప్పు ఆఫీసుతో ఫోన్లో మాట్లాడటం నేర్చుకున్నాడు. హైస్కూలు అమ్మాయి పెద్దవాళ్ళని "మీరు పిల్లలకి ఏం చేస్తున్నారు?" అని అడిగింది. జీతం ఎంతివ్వగలమో లెక్క వేసుకున్న రోజున, తమ కానుకలు ఎంత తక్కువో వాళ్ళకే తెలిసింది. ఎంచుకోవడమంటే ఆ మనిషి మంచిచెడ్డలకి తామూ పూచీ పడటం. మా తాతగారిని ఏ ఊరివాళ్ళూ కావాలనలేదు కాబట్టి, ఆయన జీతం రెండు నెలలు ఆగినప్పుడు అది తమ పనని కూడా ఏ ఊరివాళ్ళూ అనుకోలేదు. నాయనమ్మ మాటలోని బాధ అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

గుళ్ళూ, తెలుగు సంఘాలూ నడుపుకుంటున్న మనందరికీ ఈ లెక్క తెలుసు. అర్చకుడి వీసా కాగితాలనుంచి తెలుగు బడి పంతులమ్మ దాకా, నలుగురు నిర్ణయించి నలభైమందికి చెబితే, కుర్చీలు సర్దడానికి కూడా ఆ నలుగురే మిగులుతారు.

మొన్న ఆదివారం మా ఆరాధన అయ్యాక దీని మీద మాట్లాడుకున్నాం. ఒకాయన "చందాలో సగం నాలుగు ఇళ్ళనుంచే వస్తోంది, వాళ్ళ మాటకి బరువుండాలి కదా" అన్నారు. అందులో తప్పేమీ లేనట్టే చాలామంది తలలూపారు. అప్పుడు ఈ మధ్యే చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి, చివరి వరసలోంచి, "అంకుల్, నేను నెలకి ఇరవై డాలర్లే వేయగలను. నాకు చీటీ ఉంటుందా, ఉండదా?" అని అడిగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సేలం చీట్ల గురించీ, ఆక్టరార్డర్‌లో సంతకం పెట్టిన ఆ ఇద్దరి గురించీ చెబుదామని లేచాను గాని, మా ఆవిడ కూర్చోమని సైగ చేసింది.

వచ్చే నెల మళ్ళీ కలుస్తున్నాం. పేర్లు ఇంకా ఏమీ అనుకోలేదు. ముందు సభ్యుల జాబితా రాయమన్నారు. ఆ పని నా మీద పడింది. ఆ అమ్మాయి పేరు మొదట రాశాను.